బెంగళూరులో బండి పెట్టినవాళ్లకి: ముందు లోనా, ముందు కార్డా?

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి ఒకటే అడుగుతారు. "అన్నా, బండోళ్లకి గవర్నమెంటు లోను ఇస్తోందంట కదా, ఎక్కడ రాయించుకోవాలి?" ఒకాయన మారతహళ్లి బ్రిడ్జి పక్కన సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు వేస్తాడు, ఒక అక్క మడివాళలో టమాటా అమ్ముతుంది, మొన్న ఫోన్ చేసిన అబ్బాయి హిందూపురం నుంచి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, హూడి దగ్గర ఇడ్లీ బండి పెట్టాడు. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. "మీకు కార్డు ఉందా?" అక్కడ చాలామంది ఆగిపోతారు. ఏ కార్డు, ఆధారా, రేషనా అంటారు. నేనడిగేది కార్పొరేషన్ ఇచ్చే వీధి వ్యాపారి గుర్తింపు కార్డు.

నాకు ఈ సంగతులు తెలియడానికి కారణం మా పిన్ని. కదిరి నుంచి వచ్చి పదిహేడేళ్లుగా కేఆర్ పురంలో ఆకుకూరలు, కూరగాయలు అమ్ముతోంది. ఆమె కాగితాలు నేనే రాశాను, తర్వాత ఆమె పక్కన కూర్చునేవాళ్లవి రాశాను, అలా అలా ఆఫీసుల్లో ఏ కాగితం ముందు అడుగుతారో, ఏది లేకపోతే వెనక్కి పంపిస్తారో తెలిసింది. ఒక్కొక్కరికి ఫోన్‌లో అరగంట చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, కానీ డబ్బుతో, కూర్చునే చోటుతో పెట్టుకున్న పని కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రభుత్వం వైపు నుంచి మనకి దొరికేవి మూడు నాలుగు రకాలు ఉన్నాయి. చోటుకి రక్షణ ఇచ్చే కార్డు, సర్టిఫికెట్ ఒకటి. పెట్టుబడికి లోను ఒకటి. ఇన్సూరెన్సు, పెన్షన్ లాంటివి ఒకటి. అప్పుడప్పుడు మార్కెట్ కట్టడం లోపల చోటు ఇస్తామంటారు, అదొకటి. అందరూ లోను వెనక పడతారు, ఎందుకంటే డబ్బు వెంటనే చేతికొస్తుంది. నేను మాత్రం ముందు కార్డు అంటాను. ఎందుకో మా పిన్నికి జరిగింది చెప్తే అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట పండగ ముందు డైలీ ఫైనాన్సులో పది వేలు తీసుకుని సరుకు దించింది. నాలుగో రోజు పొద్దున ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తున్నామని వచ్చి తక్కెడ, గంపలు, కూరగాయలు అన్నీ ట్రాక్టర్లో వేసుకుపోయారు. లిస్టు రాయలేదు, రసీదు ఇవ్వలేదు. సరుకు పోయింది, కంతు మాత్రం ప్రతి సాయంత్రం కట్టాల్సిందే. తొంభై ఆరు రోజులు కట్టింది. ఆ రోజు ఆమె చేతిలో ఒక కార్డు ఉండి, ఏమడగాలో తెలిసి ఉంటే సగమైనా మిగిలేది.

కార్డు ఏం చేస్తుంది, ఏం చేయదు

2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు పాతికేళ్ల ముందే, 1989లో, సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన హక్కులోదేనని, కాకపోతే దానికి హద్దులు, నియమాలు పెట్టుకోవచ్చని చెప్పింది. అంటే మనం అక్కడ కూర్చోవడం ఎవరో జాలిపడి ఒప్పుకుంటే నడిచే పని కాదు. ఈ మాట ముందు మనసులో పెట్టుకోండి, ఎందుకంటే ఆఫీసుకి వెళ్లినప్పుడు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లనే చూస్తున్నాను.

చట్టం ప్రకారం ఐదేళ్లకి ఒకసారైనా సర్వే చేయాలి, సర్వేలో దొరికిన ప్రతి వ్యాపారికీ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. చోటు మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు ఎత్తుకుపోతే అక్కడికక్కడే లిస్టు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి, మనం వెళ్లి అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, పాడవనిది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి, కట్టాల్సిన ఫీజు కట్టించుకుని. పూలు, ఆకుకూరలు, పండ్లు అమ్మేవాళ్లు ఈ "అదే రోజు" అన్న మాట గట్టిగా పట్టుకోవాలి. సాయంత్రం దాకా తిప్పి రేపు రమ్మంటే కొత్తిమీర రేపటికి గడ్డే.

కార్డు ఉంటే ఎవరూ ఏమీ చేయలేరని కాదు. కార్డు చూపించినా లేపేసిన సంఘటనలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. కానీ కార్డు ఉన్నవాళ్లు తిరిగి అడగగలిగారు, ఫిర్యాదు కాగితం మీద కార్డు నంబరు వేసి ఇవ్వగలిగారు, లేనివాళ్ల దగ్గర తాము అక్కడ ఉన్నామని చెప్పడానికే ఆధారం లేకపోయింది.

బెంగళూరులో 2017లో ఒక సర్వే జరిగింది, 2024లో ఇంకొకటి. రెండోదానిలో 27 వేల పైన వ్యాపారులు లెక్కకొచ్చారు. చట్టం నగర జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకి చోటు కల్పించమంటుంది. ఇక్కడ కోటి మంది అనుకున్నా రెండున్నర లక్షలు. ఆ 27 వేలని దీని పక్కన పెట్టి చూస్తే బయట ఎంతమంది ఉండిపోయారో మీకే తెలుస్తుంది, వ్యాపారుల సంఘాలు కూడా ఇదే గొడవ చేశాయి. తెల్లవారుజామున అమ్మి తొమ్మిదికల్లా వెళ్లిపోయేవాళ్లు, రాత్రి ఏడు తర్వాత బండి పెట్టేవాళ్లు, ఆ వారం ఊరికి వెళ్లినవాళ్లు సర్వేలో దొరకరు. మన తెలుగువాళ్లలో ఉగాదికి, తిరునాళ్లకి, పొలం పనికి ఊరెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ దెబ్బ మనకి ఎక్కువ తగులుతుంది. సర్వే అని చెవిన పడితే ఆ రోజుల్లో బండి దగ్గర ఇంటివాళ్లలో ఒకరైనా ఉండాలి, అంతే.

సర్వేలో లేనివాళ్లకి దారి మూసుకుపోలేదు. కార్పొరేషన్ ఇచ్చే సిఫారసు లెటర్ ఒకటుంది, దాని మీద లోను వస్తుంది. ఇక్కడ ఆఫీసులో "శిఫారసు పత్ర" అని అడగండి. కార్డుని "గురుతిన చీటి" అంటారు, మనల్ని "బీది బది వ్యాపారి" అంటారు. ఈ మూడు మాటలు వస్తే కౌంటర్ దగ్గర సగం పని అయినట్టే. 2025 సెప్టెంబరులో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, కాబట్టి పాత ఆఫీసుకి వెళ్లి తిరిగి రాకుండా మీ చోటు ఏ కార్పొరేషన్ కిందికి వచ్చిందో ముందు కనుక్కోండి. కేఆర్ పురం, మహదేవపుర వైపువాళ్లది ఈస్ట్. ఇల్లు ఎక్కడున్నా సరే, బండి ఎక్కడ పెడతారో ఆ చోటుని బట్టే ఆఫీసు.

ఒకేచోట కూర్చునే సర్టిఫికెట్టా, తిరిగే సర్టిఫికెట్టా

రాయించుకునేటప్పుడు మీది ఏ రకం అని అడుగుతారు. ఒకేచోట కూర్చునేవాళ్లు ఒక రకం, తిరుగుతూ అమ్మేవాళ్లు ఒక రకం. తొందరలో ఏదో ఒకటి చెప్పేస్తే తర్వాత ఇబ్బంది.

ఒకేచోట అని రాయించుకుంటే ఆ చోటుకి మీ పేరు కలుస్తుంది. లేపాలంటే నోటీసు ఇవ్వాలి, వేరే చోట కల్పించాలి. కానీ ఆ చోటు చచ్చిపోతే మీరూ దాంతో పాటే ఇరుక్కుంటారు. అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పని మొదలయ్యాక ఎన్ని బండ్ల ముందు బారికేడ్లు వచ్చి పడ్డాయో ఆ దారిలో వెళ్లేవాళ్లందరికీ తెలుసు. అదే సమయంలో 2023లో కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ లైను తెరిచాక స్టేషన్ మెట్ల కింద బేరాలు పెరిగాయి. తిరిగే బండి ఉన్నవాళ్లు అక్కడికి జరిగారు, కూర్చునేవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

నా సలహా ఇది. మీకు పాతిక మంది రోజూ వచ్చే ఖాతాదారులు ఉంటే, వాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారనుకుంటే, ఒకేచోట అని రాయించుకోండి. పూలమ్మేవాళ్లు, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మేవాళ్లు, కూరగాయలవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు దీనికి సరిపోతారు. టిఫిన్ బండి, పండ్ల బండి, లేఅవుట్లలో ఇల్లిల్లూ తిరిగే ఆకుకూరలవాళ్లు తిరిగే రకమే తీసుకోవడం మంచిది. ఒక రోజు సందు మూసేస్తే పక్క సందులోకి తోసుకెళ్తారు.

ఎప్పటినుంచో జనం గుమిగూడి కొనే చోటుని చట్టం సహజ మార్కెట్ అంటుంది. సర్వేలో అలా గుర్తించిన చోటుని అమ్మకూడని ప్రాంతంగా ప్రకటించడానికి లేదు. యాభై ఏళ్లు దాటిన మార్కెట్ అయితే అక్కడి వ్యాపారులని వేరేచోటికి మార్చకూడదని కూడా ఉంది. మల్లేశ్వరం ఎనిమిదో క్రాసు, గాంధీ బజార్, కేఆర్ మార్కెట్ చుట్టుపక్కల లాంటి పాత చోట్ల కూర్చునేవాళ్లు ఈ రెండు పాయింట్లు కాగితం మీద రాయించి సంఘం దగ్గర పెట్టుకోవాలి. పాత ఫోటోలు, పాత రసీదులు, ఏ కాలం నాటివి ఉన్నా పారేయొద్దు.

మార్కెట్ కట్టడం లోపల చోటు ఇస్తామంటే ఏం చేయాలని అడుగుతారు. నీడ, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి ఉంటాయి, ఆడవాళ్లకి ఆ చివరిది ఎంత పెద్ద సంగతో రోడ్డు మీద పన్నెండు గంటలు కూర్చున్నవాళ్లకే తెలుసు. కానీ ఒప్పుకునే ముందు వారం రోజులు వెళ్లి ఆ గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టండి. బస్సు దిగి ఇంటికి నడిచేవాళ్లు దారిలో కనిపించిన కొత్తిమీర కట్ట కొంటారు గానీ దానికోసం మెట్లెక్కి మొదటి అంతస్తుకి రారు. కింది అంతస్తు, గేటుకి దగ్గర, పాత సందులో మళ్లీ కొత్తగా ఎవరూ బండి పెట్టకుండా చూస్తామని రాతపూర్వకంగా హామీ, ఈ మూడూ ఉంటే ఒప్పుకోండి. లేకపోతే వద్దు.

ఇప్పుడు డబ్బు

ముందు మనం ఇప్పుడు ఎంత కడుతున్నామో చూద్దాం, ఎందుకంటే చాలామందికి ఆ లెక్క తెలియదు, తెలిసినా చూసుకోవాలంటే భయం.

పొద్దున తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రం వెయ్యి ఇచ్చే మీటర్ వడ్డీ ఉంది కదా. రోజుకి వంద. నెలలో పాతిక రోజులు వ్యాపారం చేస్తే 2,500 వడ్డీకే పోయింది, తొమ్మిది వందల పెట్టుబడి మీద. మళ్లీ మర్నాడు పొద్దున చేతిలో ఏమీ లేదు, మళ్లీ అదే ఇంటి ముందు నిలబడాలి. ఇంకోటి నూరు రోజుల ఫైనాన్సు. పది వేలని రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకి వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నాం కాబట్టి ఏడాది లెక్కలో అది 77 శాతం దాకా పడుతుంది.

వీధి వ్యాపారులకి కేంద్రం లోను ఇప్పించే పథకం పీఎం స్వనిధి. అది 2020 జూన్‌లో, కరోనా లాక్‌డౌన్ తర్వాత వచ్చింది. అప్పుడు మొదటి లోను పది వేలు. 2025 ఆగస్టులో పథకాన్ని మార్చి మొదటిది 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు చేశారు, 2030 మార్చి 31 దాకా పొడిగించారు. తాకట్టు అక్కర్లేదు. బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది, మనం కంతులు సరిగ్గా కడితే అందులో 7 శాతం ప్రభుత్వం మన ఖాతాలో వేస్తుంది. లెక్క కోసం బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకుందాం. 15 వేలు ఏడాదిలో కట్టేస్తే నెలకి 1,333 చొప్పున మొత్తం వడ్డీ వెయ్యి లోపే అవుతుంది, అందులో ఐదు వందల ఎనభై దాకా తిరిగొస్తుంది. అంటే ఏడాది మొత్తానికి మీ జేబులోంచి పోయేది నాలుగు వందల చిల్లర. మీటర్ వడ్డీలో నాలుగు రోజుల డబ్బు అది. ముందే కట్టేసినా జరిమానా లేదు.

ఈ పోలిక చూశాక కూడా మనవాళ్లు మీటర్ వడ్డీకే ఎందుకు వెళ్తారు? ఎందుకంటే అక్కడ పొద్దున ఐదింటికి డబ్బు దొరుకుతుంది, సంతకం అడగరు, మూడుసార్లు తిప్పరు. మా పిన్నిని ఒక బ్యాంకులో నాలుగుసార్లు రమ్మన్నారు, నాలుగోసారి ఎవరినైనా జామీను తెమ్మన్నారు. పథకంలో జామీను మాటే లేదు. నాలుగు పొద్దుల బేరం పోయింది ఆమెకి. తర్వాత తన జన్‌ధన్ ఖాతా ఉన్న ఇంకో బ్యాంకులో అడిగితే రెండు వారాల్లో డబ్బు పడింది. కాబట్టి ఖాతా ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టండి, ఒకచోట కాదంటే నీరసపడి ఫైనాన్సు వాడి దగ్గరికి పోకండి, ఇంకోచోట అడగండి.

మన ఆంధ్రావాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. ఆధార్‌కి కలిపిన ఫోన్ నంబరు ఊళ్లో ఎప్పుడో తీసుకున్న పాత సిమ్ది అయి ఉంటుంది, అది పోయి ఏళ్లవుతుంది. ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది, అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్లి ఇప్పటి నంబరు కలిపించుకోండి. ఈ ఒక్క పని ముందు చేసుకుంటే రెండు మూడు తిరుగుళ్లు మిగులుతాయి.

రెండోది కర్ణాటక ప్రభుత్వం పెట్టిన బడవర బంధు. 2018 నవంబరులో కుమారస్వామి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది, సరిగ్గా ఈ మీటర్ వడ్డీ నుంచి తప్పించడానికే. సహకార బ్యాంకుల ద్వారా పది వేల దాకా, వడ్డీ సున్నా. వడ్డీ సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. మొత్తం చిన్నదే, కానీ గంపలో పూలు అమ్మే అక్కకి, రోజుకి రెండు వేల సరుకు తిప్పేవాళ్లకి ఇది చాలు. మీ పేటలో ఉన్న సహకార బ్యాంకుకి వెళ్లి ఇప్పుడు ఇస్తున్నారా అని అడగండి, ఇస్తుంటే స్వనిధి కంటే ముందు దీన్నే తీసుకోమంటాను.

చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్రా పథకంలో శిశు లోను యాభై వేల దాకా ఉంటుంది, తాకట్టు లేదు, కానీ 7 శాతం తిరిగి రాదు. బండి వదిలేసి చిన్న కొట్టు అద్దెకి తీసుకుందాం అనుకునేవాళ్లకి అది పనికొస్తుంది. రోడ్డు మీదే ఉండేవాళ్లు స్వనిధి మెట్లు ఎక్కడమే నయం, మూడోసారికి అదే యాభై వేలు వస్తుంది, మధ్యలో బ్యాంకులో మంచి పేరు కూడా వస్తుంది.

ఇక గ్రూపు లోన్లు. పది మంది ఆడవాళ్లు కలిసి తీసుకుని వారం వారం కట్టేవి. 2010లో ఆంధ్రాలో మైక్రోఫైనాన్సు వాళ్ల ఆగడాలు, ఆ తర్వాత వచ్చిన ఆర్డినెన్సు గుర్తున్నవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కర్ణాటకలో కూడా అలాంటి బాధలు ముదిరి 2025 ఫిబ్రవరిలో ఇక్కడి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండా అప్పులిచ్చేవాళ్లకి, ఇంటి మీదకొచ్చి వేధించేవాళ్లకి పదేళ్ల దాకా జైలు. ఎవరైనా బండి దగ్గర గొడవ చేస్తే పోలీసు స్టేషన్‌లో మైక్రోఫైనాన్సు వేధింపుల మీద 2025లో వచ్చిన చట్టం అని చెప్పి రాసివ్వండి. గ్రూపు లోను వద్దే వద్దు అనను, కానీ ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిది మంది కట్టాలన్న షరతు ఉంటే ఆ తొమ్మిది మంది ఎవరో బాగా తెలిసి ఉండాలి. చీటీ సంగతీ అంతే. పెళ్లికో, బండి కొనడానికో చీటీ సరే, రోజువారీ సరుకు కోసం చీటీ పాడుకుని తగ్గింపు కింద డబ్బు వదులుకోవద్దు.

ఒక మాట. మొదటి లోను డబ్బు సరుకు మీదే పెట్టండి. స్కూలు ఫీజుకో ఫోనుకో వాడేస్తే కంతు కట్టడానికి మళ్లీ మీటర్ వడ్డీ తేవాలి. మా సందులో ఇద్దరికి ఇదే అయ్యింది. రెండో లోను కట్టేసినవాళ్లకి యూపీఐకి కలిసే రూపే క్రెడిట్ కార్డు కూడా ఇస్తారు. హోల్‌సేల్‌లో సరుకు దించుకుని వారంలో కట్టేయగలిగితేనే తీసుకోండి. కొంచెం కొంచెం మిగిల్చి కట్టే అలవాటు ఉంటే అది కూడా మీటర్ వడ్డీలాంటిదే అవుతుంది, పేరు మాత్రమే వేరు.

ఫోన్‌పే బోర్డు పెట్టాలా, తీసేయాలా

2025 జులైలో బెంగళూరులో ఏం జరిగిందో గుర్తుందా? యూపీఐలో వచ్చిన డబ్బు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకి వేలల్లో నోటీసులు పంపింది. రాత్రికి రాత్రి బండ్ల మీద క్యూఆర్ స్టిక్కర్లు చింపేసి "ఓన్లీ క్యాష్" అని అట్టముక్కలు కట్టారు. చివరికి ముఖ్యమంత్రి సిద్దరామయ్య పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పాక సద్దుమణిగింది. ఆ టెన్షన్ ఇంకా చాలామందిలో ఉంది, అందుకే విడమరిచి రాస్తున్నాను.

సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షలు, వండి పెట్టేవాళ్లకి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్. 20 లక్షలంటే రోజుకి అయిదున్నర వేల బేరం, సెలవు లేకుండా ఏడాదంతా. ఐటీ కంపెనీల గేటు ముందు టిఫిన్ బండి బాగా నడిస్తే అది దాటొచ్చు, అలాంటివాళ్లు ఒకసారి అకౌంటెంట్‌ని కలిసి అమ్మకం మీద కొద్ది శాతమే పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి గురించి మాట్లాడుకోండి. తాజా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు అమ్మేవాళ్లకి పన్నే లేదు. అవే అమ్ముతున్నారని చూపించడానికి హోల్‌సేల్ రసీదులు ఒక కవర్లో దాచుకుంటే చాలు.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. ఊరినుంచి అన్నదమ్ములు పంపే డబ్బు, చీటీ డబ్బు, ఇంటద్దె, అన్నీ అదే క్యూఆర్ ఖాతాలోకి వస్తాయి. అవన్నీ బేరంలాగే కనిపిస్తాయి. వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా పెట్టుకోండి. బోర్డు మాత్రం తీసేయకండి. ఈ ఊళ్లో పది రూపాయల కొత్తిమీరకి కూడా ఫోన్ తీసేవాళ్లే ఎక్కువ, స్వనిధి తీసుకున్నవాళ్లకి డిజిటల్ లావాదేవీల మీద 1,600 దాకా క్యాష్‌బ్యాక్ కూడా ఉంది, పైగా రెండో లోను అడిగినప్పుడు బ్యాంకువాళ్లు చూసేది ఆ ఖాతానే.

మీ పరిస్థితి ఏది

ఊరి నుంచి కొత్తగా వచ్చి, చోటు ఇంకా కుదరనివాళ్లు ఏ లోనూ తీసుకోకండి. ఆరు నెలలు చిన్న పెట్టుబడితో తిరిగి ఏ సందులో ఏ సమయానికి జనం ఉంటారో చూసుకోండి. బండి దగ్గర రోజూ ఫోటో తీసుకోండి, వెనక బోర్డో కొట్టో కనిపించేలా, తేదీ పడేలా. దగ్గర్లో ఉన్న వ్యాపారుల సంఘంలో చేరి రసీదు తీసుకోండి. సిఫారసు లెటర్ అడిగేటప్పుడు ఇవే మీ ఆధారాలు. ఊళ్లో రేషన్ కార్డు ఉంటే అదే కార్డుతో ఇక్కడ కూడా బియ్యం తీసుకోవచ్చు, దానికోసం నెలనెలా బస్సెక్కి పోనక్కర్లేదు.

ఏళ్లుగా ఒకేచోట ఉండి, కార్డు లేక, రోజు వడ్డీలో ఉన్నవాళ్లు కార్డు పనీ, లోను పనీ రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. సిఫారసు లెటర్ రాగానే లోను, లోను రాగానే వడ్డీ వాడి అసలు మొత్తం ఒక్కసారే కట్టేయండి, సరుకుకి మిగిలింది తక్కువైనా సరే. సర్టిఫికెట్ అప్లికేషన్ నంబరు మాత్రం పోగొట్టుకోవద్దు.

కార్డు ఉన్నవాళ్లు, మొదటి లోను కట్టేసినవాళ్లు ఇప్పుడు టౌన్ వెండింగ్ కమిటీ మీద దృష్టి పెట్టాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు, వాళ్లని వ్యాపారులే ఎన్నుకోవాలి. ఏ సందులో బండ్లు ఉండాలి, ఎక్కడ కూడదు అని మాట్లాడే చోటు అది. తెలుగువాళ్లం ఇన్ని వేలమంది ఉండి, భాష రాదని, మనకెందుకులే అని అటు వెళ్లం. కన్నడం మాట్లాడటం వస్తే చాలు, మీ వైపు ఒక అక్కని నిలబెట్టండి.

ఇన్సూరెన్సు దగ్గర ఆలోచించాల్సింది కూడా లేదు. ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకి 2 లక్షలు. రోడ్డు అంచున లారీల పక్కన కూర్చునే మనం ఇది కట్టకపోతే ఇంకెవరు కడతారు? మే నెలాఖరులో ఖాతాలోంచి కోసుకుంటారు, అప్పుడు నిల్వ ఉండేలా చూసుకోండి. జీవన్ జ్యోతి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ల లోపు చేరాలి. నలభై లోపువాళ్లకి శ్రమయోగి మాన్‌ధన్ అని పెన్షన్ ఉంది, అరవై దాటాక నెలకి 3 వేలు. మా పిన్ని వయసు దాటిపోయింది, వాళ్ల అబ్బాయిని చేర్పించాం.

ఇంటి పెద్ద పేరు మీద సర్టిఫికెట్ ఉండి ఆయన పోయినా, మంచాన పడినా, గడువు తీరేదాకా భార్యో ఆధారపడిన పిల్లలో అదే చోట అమ్ముకోవచ్చని చట్టంలో ఉంది. అప్లికేషన్‌లో ఇంటివాళ్ల పేర్లు రాసే చోట ఖాళీ వదిలేయకండి. ఇంకోటి, సర్టిఫికెట్‌ని అద్దెకి ఇచ్చారంటే రద్దు చేస్తారు. నెలకి రెండు మూడు వేలు వస్తాయని ఆశపడి పదేళ్ల చోటు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

పిన్ని మొదటి లోను పోయిన నెల కట్టేసింది. 25 వేలకి అర్హత వచ్చింది, బ్యాంకువాళ్లే ఫోన్ చేస్తున్నారు. నేను ఇప్పుడే వద్దన్నాను. వాన పడే నెలల్లో ఆకుకూర కుళ్లిపోతుంది, బేరం సగమవుతుంది, కంతు మాత్రం సగం కాదు. వరమహాలక్ష్మి పండగకి ముందు తీసుకుంటే వినాయక చవితి, దసరా, దీపావళి వరసగా వస్తాయి, పూలూ పండ్లూ కలిపి పెట్టొచ్చు. ఆమె మాత్రం ఇప్పుడే తీసుకుని నాలుగు చక్రాల బండి కొంటానంటోంది, మోకాళ్లు నొప్పి, కింద కూర్చుని లేవలేకపోతోంది. అది విన్నాక నాకూ అదే నిజమనిపిస్తోంది. ఈ ఆదివారం శివాజీనగర్‌లో పాత బండ్ల ధరలు చూసొస్తాం.